రేవులో నిలబడ్డవాళ్ళు

పోయిన కార్తీకమాసంలో ఒకరోజు పొద్దున్నే మా చెల్లెలు బందరు నుంచి బస్సెక్కి వచ్చేసింది. ముందుగా ఫోనైనా చెయ్యలేదు. కాఫీ ఇస్తే తాగకుండా గ్లాసు పక్కన పెట్టి, "అక్కా, అది నీ మాటంటే వింటుంది. నువ్వు వద్దంటే మానుకుంటుంది. ఆ ఒక్కమాటా చెప్పు" అంది.

"అది" అంటే దాని మనవరాలు. ఇరవై రెండేళ్ళ పిల్ల, అమెరికాలో చదువుకుంటోంది. జనవరి సెలవుల్లో వీపుకి ఒక సంచీ తగిలించుకుని, పనామా దేశం నుంచి కొలంబియాలో కార్తహేనా అనే రేవుపట్నానికి తెరచాప పడవలో వెళ్తుందట. విమానంలో అయితే గంటన్నర ప్రయాణం. పడవలో ఐదు రోజులు. మొదటి మూడు రోజులూ సాన్ బ్లాస్ దీవుల మధ్య తిరుగుతారు. మూడు వందలకి పైగా చిట్టి చిట్టి దీవులు, కొన్నింటి మీద పది కొబ్బరిచెట్లు తప్ప ఏమీ వుండవట. గూనా అనే ఆదివాసులు తమవాటిగా ఏలుకుంటున్న దీవులవి. ఆ తర్వాత ఒక పగలూ ఒక రాత్రీ పైగా ఒడ్డు కనిపించని కరీబియన్ సముద్రం. పడవలో పదిమందో పన్నెండుమందో కుర్రకారు, తలా ఒక దేశం, ఒకళ్ళ మొహం ఒకళ్ళు ముందెరగరు.

"ఇంతకీ ఏం పనిమీద వెళ్తోందే?" అన్నాను.

"అదే కదక్కా నా బాధ! పనేం లేదుట. ఊరికేనట."

ఊరికే! అది మళ్ళీ కాఫీ వేడిచేసుకుని తాగి, బట్టలు మార్చుకుని, పడుకున్న తర్వాత కూడా ఆ మాట నన్ను వదిలిపెట్టలేదు. ఏదైనా ఉద్యోగం కోసమో, చదువు కోసమో, పోనీ మొక్కు తీర్చుకోవడానికో అదే పడవ ఎక్కితే మా చెల్లెలు ఇంత దూరం వచ్చేదా? వచ్చేది కాదు. దేవుడికి దీపం పెట్టి, "జాగ్రత్త తల్లీ" అని వూరుకునేది. నాకీ సంగతి అనుభవం మీద తెలుసు. చెబుతాను వినండి.

పెళ్ళయిన కొత్తలో, 1981 నుంచి రెండేళ్ళ పాటు, నేను దివిసీమలో టీచరుగా పనిచేశాను. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై దివిసీమను చుట్టుకుంటుంది కదా, సముద్రం దగ్గరికి వచ్చేసరికి ఆ పాయలు మళ్ళీ చీలి చిన్న చిన్న లంకల్ని చేస్తాయి. కాపురం నాగాయలంకలో, బడి ఎదురుమొండి దీవిలో. ఏటిమొగ రేవులో పడవెక్కి పొద్దున వెళ్ళడం, సాయంత్రం అదే పడవలో రావడం. ఆ పడవలో నాతోపాటు సైకిళ్ళు, పాలక్యాన్లు, రెండో మూడో మేకలు, చంకలో పిల్లల్తో ఆడవాళ్ళు. నీళ్ళు పడవ అంచుకి జానెడు దూరంలో వుండేవి. వానాకాలంలో ఆ జానెడూ వుండేది కాదు. లైఫ్ జాకెట్టన్న మాటే నాకప్పట్లో తెలీదు. ఈత రాదు. ఇప్పటికీ రాదనుకోండి.

అప్పటికి ఉప్పెన వచ్చి నాలుగేళ్ళే అయింది. 1977 నవంబరు 19న సముద్రం నిలువెత్తున లేచి వూళ్ళమీద పడి, పదివేల మందికి పైగా ప్రాణాలు తీసిన చోటు అది. సొర్లగొందిలాంటి వూళ్ళు ఊడ్చుకుపోయాయి. అలాంటి చోట కొత్తకోడలు రోజుకి రెండుసార్లు పడవెక్కుతుంటే మా అత్తగారు అన్నది ఒక్కటే మాట: "గొడుగు మర్చిపోకు." నాన్నగారైతే నలుగురికీ గొప్పగా చెప్పుకునేవారు. ఎందుకంటే అది జీతం వచ్చే పడవ.

ఒక ఆదివారం బడిలో పనిచేసే నలుగురు టీచర్లం కలిసి నది సముద్రంలో కలిసే చోటు చూసివద్దామనుకున్నాం. పడవ అదే. పడవ నడిపే మనిషీ అతనే. గాలి లేని చలికాలం. ఇంట్లో చెప్పేసరికి కొంప మునిగినట్టయింది! "అంత అవసరమేమొచ్చిందమ్మా?" అన్నారు అత్తగారు. "ఏదైనా జరిగితే ఎవరిది బాధ్యత?" అన్నారు మా వారు. ఆయన మంచివారే, తర్వాత నలభై ఏళ్ళూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. కానీ వారానికి పన్నెండుసార్లు నేను పడవెక్కుతున్నప్పుడు రాని బాధ్యత ప్రశ్న ఆ పదమూడోసారికి ఎలా వచ్చిందో ఆయనకీ తోచలేదు, నేనూ అడగలేదు. ఆదివారం ఇంట్లో కూర్చుని పప్పు రుబ్బాను. మిగతా ముగ్గురూ వెళ్ళి, నీళ్ళు రెండు రంగుల్లో వున్నాయని వచ్చి చెప్పారు.

మనకి భయం ప్రమాదాన్నిబట్టి రాదు, ప్రయాణానికి కారణాన్నిబట్టి వస్తుంది కాబోలు. పొట్టకోసమైతే ఒప్పుకుంటాం. దేవుడికోసమైతే చేతులెత్తి మొక్కుతాం. సంతోషం కోసమంటే మాత్రం, అందులోనూ ఆడపిల్ల సంతోషం కోసమంటే, లెక్క చెప్పమంటాం.

మా చెల్లెలి మనవరాలు సరదాకి వెళ్దామనుకుంటున్న ఆ కరీబియన్ సముద్రంలోకే మనవాళ్ళు ఇదివరకు వెళ్ళారు. 1838 తర్వాత చెరుకుతోటల్లో కూలిపనికి మన దేశం నుంచి జనాన్ని ఓడల్లో గయానాకి, ట్రినిడాడ్‌కి, గ్వాడలూప్, మార్టినిక్ దీవులకి తీసుకుపోయారు. దక్షిణాది రేవుల నుంచి వెళ్ళినవాళ్ళలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ వున్నారు. నెలల తరబడి ప్రయాణం, ఓడ అడుగున పడక. పెద్దింటివాళ్ళు సముద్రం దాటితే మైల అని శాస్త్రాలు తిరగేస్తున్న కాలంలోనే ఈ పేదవాళ్ళు సముద్రాలు దాటారు. వాళ్ళని సాహసికులని ఎవరూ అనలేదు. మన లెక్కలో అది అవసరం మరి!

ఇంతవరకూ నా మనసు పూర్తిగా మనవరాలి పక్షమే. కానీ చెల్లెలు నిద్రలేచి ఒక మాట అంది. "నువ్వు ఎన్ని చెప్పినా సరే, ఆ ఫెర్రీ సంగతి మర్చిపోయావా?"

మర్చిపోలేదు. విజయవాడలో వున్నవాళ్ళం ఎవరం మర్చిపోతాం? 2017 నవంబరు 12, కార్తీకమాసపు ఆదివారం. ఇబ్రహీంపట్నం దగ్గర ఫెర్రీ వద్ద, పవిత్ర సంగమం చూడ్డానికి వస్తున్న పడవ తిరగబడింది. ఇరవై మందికి పైగా పోయారు. చాలామంది ఒంగోలు నుంచి వచ్చినవాళ్ళు, మనలాంటి కుటుంబాలు. అనుమతి లేని పడవ, పట్టేదానికన్నా ఎక్కువమంది, ఒంటిమీద లైఫ్ జాకెట్లు లేవు. సముద్రం కాదు, తుపాను లేదు. మన కృష్ణే.

తర్వాత చాలా రోజులకి నాకో సంగతి తట్టింది. సరిగ్గా ఆ రోజున మన దేశపు ఆడపిల్లలు ఆరుగురు ఆస్ట్రేలియా నుంచి న్యూజిలాండుకి వెళ్ళే దారిలో, ఏభై అయిదడుగుల తెరచాప పడవలో వున్నారు. నౌకాదళం వారి తారిణి. నాయకురాలు వర్తికా జోషి. మిగతా అయిదుగురిలో ఇద్దరు మన తెలుగు పిల్లలే, విశాఖపట్నం అమ్మాయి స్వాతి పాతర్లపల్లి, హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరినప్పుడు జెండా వూపి పంపించింది అప్పటి రక్షణమంత్రి, మన నరసాపురం కోడలు నిర్మలా సీతారామన్. భూగోళం చుట్టూ 21,600 నాటికల్ మైళ్ళు తిరిగి 2018 మే 21న మళ్ళీ గోవా చేరారు. 254 రోజులు! దక్షిణ అమెరికా కొసన కేప్ హార్న్ దాటారు. నావికులకి అంతకన్నా భయమైన పేరు మరొకటి లేదంటారు. పసిఫిక్‌లో గంటకి వంద కిలోమీటర్లు దాటిన గాలిలో చిక్కుకున్నారు. చివర్లో చుక్కాని పనిచెయ్యక మారిషస్‌లో ఆగి బాగుచేయించుకున్నారు. ఆరుగురూ క్షేమంగా ఇంటికి వచ్చారు.

అంత సముద్రం వాళ్ళని వదిలిపెట్టడం, ఇంత నది వీళ్ళని మింగడం విధి అనేసి వూరుకోవచ్చు. నాకు అలా అనబుద్ధి కాదు. ఆ అమ్మాయిలు అంతకుముందు మాదేయి అనే పడవ మీద మారిషస్ దాకా, కేప్‌టౌన్ దాకా వెళ్ళి పని నేర్చుకున్నారు. పడవలో ఏ తాడు ఎందుకుందో వాళ్ళకి తెలుసు. ఫెర్రీ పడవ ఎక్కినవాళ్ళకి ఏదీ తెలీదు, తెలుసుకునే అవకాశమూ ఎవరూ ఇవ్వలేదు. టిక్కెట్టు డబ్బులిచ్చి నమ్మి ఎక్కారు, పాపం. అంచేత వాళ్ళది తప్పని నేననను. వాళ్ళని ఎక్కించినవాళ్ళది తప్పు. కానీ నేను ఏటిమొగలో రెండేళ్ళు ఎక్కిన పడవ ఈ రెండింటిలో దేనికి దగ్గరో తల్చుకుంటే ఇప్పుడు వొళ్ళు జలదరిస్తుంది.

ఇదంతా చెల్లెలికి చెప్పాను. శ్రద్ధగానే వింది. విని, "తారిణి వెనకాల నౌకాదళం వుంది. దీని వెనకాల ఎవరున్నారు? ఏదైనా అయితే ఏడ్చేది నేనేగా! నన్నడగకుండా నా ఏడుపు అది ఎలా నిర్ణయిస్తుంది?" అంది.

ఇది మాత్రం నిజమైన ప్రశ్న. సాహసం చేసేవాళ్ళు తమ ప్రాణం తమది అనుకుంటారు. రేవులో నిలబడి చూసేవాళ్ళకి ఆ ప్రాణంలో వాటా లేదా? తొమ్మిది నెలలు మోసిన తల్లికి, నాలుగేళ్ళు గోరుముద్దలు తినిపించిన అమ్మమ్మకి "నీకేం సంబంధం" అనగలమా? అనలేం. కానీ ఆ వాటా ఎంత? పిల్లని ఆపేసేంతా? మా చెల్లెలి కొడుకు ఏళ్ళ తరబడి రాత్రిళ్ళు మోటారు సైకిలు మీద బందరు రోడ్డున వచ్చాడు. అది కిటికీ దగ్గర నిద్రకాచింది గానీ ఏనాడూ తాళంచెవి దాచలేదు. కొడుకు విషయంలో తనలో దిగమింగుకున్న భయం మనవరాలి విషయానికి వచ్చేసరికి హక్కుగా మారింది. ఈ మాట అనేశాను కూడా. చాలాసేపు మాట్లాడలేదు నాతో.

నేనేం పూర్తి ధైర్యవంతురాల్ననుకోకండి. రాత్రి పడుకుంటే నాకూ ఆ నల్లటి సముద్రమే కనిపించింది. కానీ ఇంకో సంగతీ కనిపించింది. ఆ పిల్ల చెప్పకుండా వెళ్ళి, తిరిగొచ్చాక ఫోటోలు పంపించొచ్చు. దాని వయసువాళ్ళు చాలామంది అదే చేస్తారు. ఇది ముందే చెప్పింది. మనం గడపదాటేటప్పుడు వెళ్తానని అనం, వెళ్ళొస్తానంటాం చూడండి, అలా చెప్పింది. చెప్పినందుకు ఆపేస్తే, ఇంకెప్పుడూ చెప్పదు.

మర్నాడు ఫోన్లో మాట్లాడాను. వద్దనలేదు, సరేననీ అనలేదు. "పెద్దమ్మమ్మా, అక్కడికి తుపాన్లు రావు, నేను కనుక్కున్నాను" అంది హుషారుగా. "తుపాన్లు రావు సరే, డిసెంబరు నుంచి మార్చి దాకా ఆ సముద్రంలో గాలులు జోరుగా వుంటాయట, కెరటాలు ఎత్తుగా వుంటాయట, జనవరే ఎందుకు?" అన్నాను. నేనూ కనుక్కున్నాను మరి! పడవలో ఎంతమంది, ఎన్ని లైఫ్ జాకెట్లు, రేడియో పనిచేస్తుందా, పడవ నడిపే మనిషి నడిపేటప్పుడు తాగుతాడా, ఇదివరకు అతనితో వెళ్ళొచ్చినవాళ్ళెవరు? కాసేపు నిశ్శబ్దం. "ఇవన్నీ అడగలేదు" అంది చిన్నగా. అడిగి చెప్పమన్నాను.

వారం తర్వాత చెప్పింది. ఆ పడవ ఆసామీ సరిగా జవాబివ్వలేదట. వేరే పడవ చూసుకుందట, జనవరి కాదు, పరీక్షలయ్యాక మే నెలలో. ఈలోగా ఈతకొలనులో చేరిందట. మా చెల్లెలికి ఇది గెలుపో ఓటమో తెలియక, "అయితే వెళ్తుందన్నమాట" అంది. "వెళ్తుంది" అన్నాను.

ఈసారి అది వచ్చినప్పుడు భవానీ ద్వీపం చూద్దామన్నాను. చిన్నప్పట్నుంచీ కృష్ణ ఒడ్డునే బతికి, అరవై అయిదేళ్ళొచ్చినా అది ఆ దీవి మీద కాలుపెట్టలేదు. "ఎందుకే ఇప్పుడు?" అంది. "ఊరికే" అన్నాను. గొణుక్కుంటూనే వచ్చింది. బెరం పార్కు దగ్గర పడవ కదలబోతుంటే చెంగు నడుముకి బిగించి, మెట్టుమీదే ఆగిపోయి, లోపల కూర్చున్నవాళ్ళని వేలితో ఒక్కొక్కర్నీ లెక్కపెట్టింది. తర్వాత జాకెట్లు లెక్కపెట్టింది.

"అందరికీ వున్నాయి, ఎక్కండి మామ్మగారూ" అన్నాడు కుర్రాడు.

"వుండు బాబూ, ఇంకోసారి లెక్కపెట్టనీ" అంది.