వినుటకు మార్కులు వేయవచ్చునా?



మా మనుమరాలు ఇక్కడ పీలమేడులోనే ఒక కళాశాలలో డిగ్రీ చదువుచున్నది. ఈ సంవత్సరం ఆమెకు ఇంటర్‌పర్సనల్ కమ్యూనికేషన్ అనే పాఠ్యాంశం ఉన్నది. అనగా మనిషికీ మనిషికీ మధ్య జరిగే మాటామంతీని గురించిన చదువు. ఒకనాటి సాయంకాలం నోటుపుస్తకం పట్టుకొని నా ఎదుట కూర్చున్నది. "తాతయ్యా, పది నిమిషాలు మీరు మాట్లాడాలి, నేను అడ్డు రాకుండా వినాలి. మధ్యమధ్య తల ఊపాలి. చివర మీరు చెప్పినది నా మాటల్లో తిరిగి చెప్పాలి. దీనికి పది మార్కులు" అన్నది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "మార్కుల కోసం తల ఊపితే అది నటన కాదా తాతయ్యా? ప్రేమ లేకుండా వింటే అబద్ధమాడినట్టే కదా?" అని అడిగినది.

ఉపాధ్యాయ శిక్షణ పొంది, ముప్పది ఏండ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన నాకు వెంటనే జవాబు తోచలేదు. అందుచేత ఆ ప్రశ్నను మీ ముందు ఉంచుచున్నాను.

ముందుగా ఆ చదువులో ఏమున్నదో చూద్దాం. 1948లో క్లాడ్ షానన్ అనే అమెరికా గణితవేత్త సమాచార ప్రసారానికి ఒక లెక్క కట్టాడు. పంపేవాడు, అందుకొనేవాడు, నడుమ ఒక మార్గం, ఆ మార్గంలో చొరబడే రొద. తన లెక్కకు మాట యొక్క అర్థంతో పని లేదని ఆయనే దానిని ప్రక్కన పెట్టాడు. 1957లో కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ అనే మనస్తత్వవేత్తలు వినుటను గురించి ఒక చిన్న పుస్తకం వ్రాశారు. ఎదుటివాడు చెప్పినదానిని మన మాటల్లో తిరిగి చెప్పి, మనం గ్రహించినది సరియో కాదో అతనినే అడగాలన్నది అందులోని పద్ధతి. మా మనుమరాలికి ఇచ్చిన అభ్యాసం దానినుండి వచ్చినదే. 1967లో ఆల్బర్ట్ మెహ్రాబియన్ చేసిన పరిశోధనలను పట్టుకొని, మాటలకు 7 శాతమే విలువ, తక్కినదంతా స్వరము, ముఖకవళికలు అని చాలామంది చెప్పుచుంటారు. అది సరి కాదు. ఇష్టాయిష్టాలను తెలిపేటప్పుడు మాట ఒకటి, స్వరం, ముఖం మరొకటి చెప్పితే మనం దేనిని నమ్ముతామన్నంత వరకే ఆ లెక్క.

ఇక నా సంగతి ఒకటి చెప్పాలి. ఇది నాకు గౌరవం తెచ్చే సంగతి కాదు.

నేను 1983లో ఒంగోలు ప్రాంతం నుండి ఇక్కడికి వచ్చాను. పీలమేడు తెలుగువారికి కొత్త ఊరు కాదు. విజయనగర, మదురై నాయకుల కాలం మొదలుకొని ఈ కొంగునాటికి వచ్చి స్థిరపడిన కుటుంబాలవారు ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడుకొంటారు. 1926లో పీఎస్‌జీ అండ్ సన్స్ చారిటీస్‌ను స్థాపించినది అట్టి కుటుంబమే. 1947లో వారి ఆర్ట్స్ కళాశాల, 1951లో సాంకేతిక కళాశాల ఈ ఊళ్ళో వెలిశాయి. అయితే ఈ పాత కుటుంబాలవారిలో చాలామందికి మన లిపి రాదు. వీధిలో, బడిలో తమిళమే గనుక వారి తెలుగులో తమిళ అర్థాలు కలిసిపోయాయి. మేమేమో పుస్తకాల తెలుగు పట్టుకొని వచ్చినవాళ్ళం.

1988లో నా భార్యకు జబ్బు చేసినది. మా ప్రక్కింటాయన ఒక నూలు మిల్లులో పని చేసేవారు. నేను నోరు తెరచి అడగకముందే 3,000 రూపాయలు తెచ్చి చేతిలో పెట్టారు. ఆరు నెలల తరువాత డబ్బు కూడినది. ఆయన వాకిట నిలబడి, "అన్నా, ఆ డబ్బు తెచ్చి ఇవ్వమంటారా?" అన్నాను. ఆయన చిరునవ్వుతో, "అవసరమేమీ లేదు తమ్ముడూ" అన్నారు.

మన తెలుగులో అవసరం అంటే అక్కర. తమిళంలో అవసరం అంటే తొందర. ఆయన చెప్పినది తొందర లేదని. నేను తీసుకొన్నది అక్కర లేదని. పెద్దమనసుతో వదిలివేశారని సంతోషించి ఇంటికి వచ్చాను. ఆ డబ్బు ఇతర ఖర్చులలో కరిగిపోయినది.

1991లో ఒకరోజు ఆయన భార్య మా ఇంటిదాని దగ్గర కన్నీళ్ళు పెట్టుకొన్నది. మిల్లులో పని నిలిచిపోయినదట. పెద్ద అమ్మాయి కళాశాల ఫీజుకు డబ్బు చాలక ఆ ఏడు చదువు మానుకొన్నదట. నేను పరుగున వెళ్ళాను. "తొందర లేదంటిని, వద్దంటినా తమ్ముడూ?" అన్నారాయన. అందులో కోపం లేదు. ఆ వారంలోనే అసలు చెల్లించాను. వడ్డీ ఇవ్వబోతే తీసుకోలేదు. కాని ఆ అమ్మాయి పోగొట్టుకొన్న సంవత్సరాన్ని నేను ఏ విధంగాను చెల్లించలేకపోయాను.

చాలాకాలం దీనిని భాష తెచ్చిన పొరపాటుగానే చెప్పుకొన్నాను. అది పూర్తి నిజం కాదు. అప్పటికి ఐదేండ్లుగా ఈ ఊళ్ళో ఉన్నవాడిని. బజారులో, బస్సులో ఆ మాటను తొందర అనే అర్థంలో నిత్యం వినేవాడిని. ఆయన ముఖం చూచాను, స్వరం విన్నాను. రెండింటిలోను దయ ఉన్నది, కాని ఆ దయ రెండు అర్థాలకూ సరిపోయినది. "అన్నా, తొందర లేదంటారా, అసలు వద్దంటారా?" అని ఒక్క మాట అడిగితే తేలిపోయేది. ఎందుకు అడగలేదు? వచ్చే జవాబు నాకు ఇష్టం లేదు గనుక. షానన్ చెప్పిన రొద ఆ రోజు తీగలో లేదు, నా కోరికలో ఉన్నది.

ఇప్పుడు మనుమరాలి ప్రశ్నకు వద్దాం. పద్ధతి నేర్చుకొని వినుట నటనా? పసిబిడ్డకు మనం చేతులు పట్టి వందనం నేర్పుతాం. అప్పటికి ఆ బిడ్డ మనసులో గౌరవం పుట్టి ఉండదు. దానిని ఎవరూ అబద్ధమనరు. అలవాటు ముందు వచ్చి, మనసు వెనుక వస్తుంది. మేరీ బడ్ రో అనే అమెరికా విద్యావేత్త తరగతి గదులను పరిశీలించి 1974లో ప్రకటించిన సంగతి ఉపాధ్యాయులందరూ ఎరుగవలసినది. ప్రశ్న వేసిన తరువాత ఉపాధ్యాయుడు సగటున ఒక్క సెకండే ఆగుచున్నాడు. మూడు సెకండ్లు ఆగితే పిల్లల జవాబులు పొడవుగా, ఆలోచనతో వచ్చినవి. ఆ మూడు సెకండ్లు మొదట గడియారం చూచి ఆగినా, ఆ ఎడంలో పిల్లవాడు కనబడతాడు.

అయితే నేర్పు ఉన్నంత మాత్రాన మంచితనం ఉన్నట్టు కాదు. వడ్డీ వ్యాపారి ఎంతో చక్కగా వింటాడు. మన కష్టం ఎంతో తెలిస్తేనే వడ్డీ ఎంతో తేలుతుంది గదా. కాబట్టి భేదం తల ఊపుటలో లేదు. "మీ ఉద్దేశం ఇదేనా?" అని అడిగినప్పుడు "కాదు" అనే జవాబుకు చోటు ఇచ్చామా, ఆ జవాబు వలన మన చేతినుండి ఏదైనా పోతే పోనిచ్చామా అన్నదే పరీక్ష. దానికి కళాశాల మార్కులు వేయలేదు. కాని అడగవలసిన ప్రశ్నను నోటికి అలవాటు చేయగలదు. అది చిన్న మేలు కాదు. 1988లో నాకు ఆ అలవాటు ఉండినట్లయితే, మనసు వద్దన్నా నోరు అడిగి ఉండేదేమో. వినుటకు వేగిరపడి, మాటలాడుటకు నిదానించాలని యాకోబు వ్రాసిన క్రమం కూడ అభ్యాసం వలన వచ్చేదే. సంఘ పెద్దగా తగవులు తీర్చేటప్పుడు, చిన్నవారు చెప్పి ముగించకముందే తీర్పు మొదలుపెట్టిన రోజులు నాకూ ఉన్నవి.

ఆనాటి పది నిమిషాలలో మనుమరాలికి నేను చెప్పినది ఈ కథనే. ఆమె తల ఊపుట మరచిపోయినది. ముగిసిన తరువాత నెమ్మదిగా, "మీకు తెలుసు తాతయ్యా, తెలిసే అడగలేదు. మీ ఉద్దేశం ఇదేనా?" అన్నది. అవునని చెప్పడానికి నాకు మూడు సెకండ్లకంటె ఎక్కువే పట్టినది.

సొంత ఊరు విడిచి, పరుల భాష నడుమ బ్రదుకుచున్న మనకు ఇటువంటి మాటలు ఎన్నో తారసపడతాయి. ఎవరి మాటనైనా మీకు అనుకూలంగా అర్థం చేసుకొని సంతోషంగా ఇంటికి వచ్చిన సందర్భం జ్ఞాపకం వస్తే, ఈ వారంలోనే వెళ్ళి మరొక్కసారి అడగండి. నేను మూడేండ్లు ఆలస్యం చేసాను.