వాడబడిన చాకు, దాచబడిన చాకు

కొండమీద ప్రసంగములో మన ప్రభువు భూమిమీద కూర్చుకొను ధనమునకు మూడు శత్రువులను పేర్కొనెను: చిమ్మెట, తుప్పు, దొంగ. మనము "తుప్పు" అని చదువుకొను చోట గ్రీకు మూలములో "బ్రోసిస్" అను మాట యున్నది. దాని మొదటి అర్థము "తినుట". బట్టను చిమ్మెట తినునట్లు ఇనుమును తుప్పు తినివేయును. ఈ సత్యమును పాత చాకులను సేకరించువానికి ఎవరును బోధింపనక్కరలేదు. ఉప్పుగాలి వీచు సముద్రతీరమున ఉక్కు అలుగును ఒక్క వానకాలము తుడువక విడిచినయెడల ఏమి జరుగునో అతడు కన్నులార చూచియుండును.

కావున అతని ముచ్చటను ఆధారముగా తీసికొని ఒక ప్రశ్నను విచారింతము. పనికొరకు చేయబడిన పనిముట్టును పని మాన్పించి, అందముకొరకు దాచుకొనుట తగునా? ఇది కేవలము చాకులను గూర్చిన ప్రశ్న కాదు. మనము దేనిని గౌరవించుచున్నాము, ఎందుకు గౌరవించుచున్నాము అనునది ఇట్టి చిన్న విషయములలోనే బయలుపడును.

పుదుచ్చేరి పట్టణము ఈ విచారణకు తగిన స్థలము. 1954 నవంబరు 1న ఫ్రెంచి పరిపాలన అక్కడ ముగిసెను; మన తెలుగువారి యానాము అంతకు కొన్ని నెలల ముందే, ఆ సంవత్సరము జూనులో, విముక్తి పొందెను. పాలకులు వెళ్లిపోయిరి గాని వస్తువులు నిలిచిపోయినవి. బల్లలు, గడియారములు, దీపములు పాతసామానుల అంగళ్లకు చేరినవి. మహాత్మాగాంధీ వీధిలో సాగు ఆదివారపు సంతలోనైనను, పాతవస్తువుల వర్తకుల యొద్దనైనను వెదకువాని కన్ను ఇట్టి పట్టణములో సహజముగా ఫ్రెంచి మడతచాకు కొరకు వెదకును.

ఆ దేశపు మడతచాకులలో రెండు మిక్కిలి ప్రసిద్ధములు. ఒకటి ఒపినెల్. 1890లో సవోయ్ కొండప్రాంతమున జోసెఫ్ ఒపినెల్ అను యువకుడు దానిని రూపొందించెను. కఱ్ఱపిడి, ఒక్క అలుగు, అంతకు మించి ఆడంబరము లేదు. 1897 నాటికి చిన్నదానినుండి పెద్దదానివరకు పండ్రెండు పరిమాణములలో అది దొరకుచుండెను. తెరచిన అలుగు చేతిమీదికి మూసికొనకుండ బిగించు ఉంగరము 1955లో వచ్చెను. 1909నుండి దానిమీదనున్న గుర్తు, కిరీటముతో కూడిన చేయి. ఆశీర్వదించునట్లు వ్రేళ్లెత్తిన ఆ చేయి సమీపమందలి సేంట్ జాన్ ద మొరియెన్ పట్టణపు చిహ్నమునుండి తీసికొనబడినది. బాప్తిస్మమిచ్చు యోహాను వ్రేళ్లు తమ దేవాలయములో నున్నవని ఆ పట్టణస్థులు పూర్వము నమ్మిరి. అట్టి అవశేషముల నమ్మకము మనది కాదు. అయినను ఆశీర్వదించు చేతిని రొట్టెకోయు చాకుమీద ముద్రించుటలో ఒక మంచి తలంపు లేకపోలేదు.

రెండవది లగ్యోల్ అని వ్రాయబడి, ఆ ప్రాంతమున లాయోల్ అని పలుకబడు గ్రామపు చాకు. ఇది పందొమ్మిదవ శతాబ్దపు తొలి భాగమున పుట్టినది. అనేక లాయోల్ చాకుల పిడిలో చిన్న మేకులు సిలువ ఆకారములో పొదుగబడి యుండును. గుడికి దూరమైన కొండలలో గొఱ్ఱెల కాపరులు చాకును రొట్టెలో నిలువుగా గ్రుచ్చి, ఆ సిలువయెదుట ప్రార్థించుచుండిరని అక్కడివారు చెప్పుకొందురు. ఈ కథ ఎంతవరకు చరిత్రయో గాని, ఆ చాకు పగలెల్ల కాపరి జేబులో నుండి పని చేసినదనుటలో సందేహము లేదు.

అయితే ఈ తీరమున జేబుచాకు వంటి వస్తువు ఫ్రెంచివారితో పుట్టలేదు. తాటాకుమీద వ్రాయు మన పూర్వుల చేతిలో గంటముండెను. తమిళదేశములో మడక్కెళుత్తాణి అను ఒక విధమైన గంటము కలదు. దాని ఒక వైపున వ్రాతముల్లు, మరియొక వైపున చాకు అలుగు. రెండును పిడిలోనికి మడచుకొనును. ఆకును కత్తిరించుటకు అలుగు, అక్షరమును చెక్కుటకు ముల్లు. పుదుచ్చేరిలో 1955లో స్థాపింపబడిన ఫ్రెంచి పరిశోధనాసంస్థలో వేలకొలది తాటాకు గ్రంథములు భద్రపరచబడియున్నవి. అక్కడి శైవ గ్రంథముల సంపుటమును 2005లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చెను. వారి మతము మనది కాకపోయినను, ఆ వ్రాతగాండ్ర ఓర్పును కాదనలేము. ఆకు శిథిలమైన కొలది తరువాతి తరము మరల కోసి, మరల చెక్కి, అక్షరమును బ్రతికించెను. లేఖకుని చాకు లేక ఆ గ్రంథములు లేవు.

ఇట్టి వస్తువును చూచి మెచ్చుకొనుట దోషమా? కాదు. నిర్గమకాండములో బెసలేలు నైపుణ్యము దేవుని ఆత్మ దానమని వ్రాయబడియున్నది. చక్కగా అమరిన కీలు, చేతికి ఒదుగు పిడి, సమముగా సానబెట్టిన అంచు కనుపరచునది మానవుని శ్రద్ధయే. శ్రద్ధను గుర్తించువాడు పనివానిని గౌరవించుచున్నాడు. పనివానిని గౌరవించుట అతనికి చేతులిచ్చిన వానిని స్తుతించుటకు తోడ్పడును.

కష్టము మరియొక చోట నున్నది. పాత చాకుల బేరములో ఒక విచిత్రమైన కొలత కలదు. ఎన్నడును సాన పట్టబడనిది, ఏ పండును కోయనిది, అంగడినుండి వచ్చిన పెట్టెలోనే యున్నది అధికమైన వెలకు పోవును. నలువది ఏండ్లు ఒక యింటివారికి రొట్టెయు మామిడికాయయు కోసి, సానరాతిమీద అరిగి, అలుగు సన్నబడిన చాకు తక్కువ వెలకు పోవును. సేవ చేయనిదానికి కిరీటము, చేసినదానికి తృణీకారము! సంతకు ఈ కొలత చాలును. కొనువాడు అరుదైన దానికి వెల యిచ్చును, అందులో మోసమేమియు లేదు. అయితే మన హృదయము కూడ సంతకొలతనే పట్టుకొన్నయెడల ఏమగును?

తలాంతుల ఉపమానమును జ్ఞాపకము చేసికొనుడి. ఒక్క తలాంతు పుచ్చుకొన్నవాడు దానిని దొంగిలింపలేదు, పాడుచేయలేదు. భూమిలో దాచి, అరుగకుండ, తరుగకుండ, ఇచ్చినది ఇచ్చినట్లే తిరిగి తెచ్చెను. సేకరించువాని భాషలో చెప్పవలెనన్న అది పెట్టె విప్పని వస్తువు. యజమానుడు దానిని చూచి సంతోషింపలేదు.

ఉక్కు స్వభావములో కూడ ఈ పాఠమునకు సాక్ష్యమున్నది. పాత పద్ధతి ఉక్కుతో చేసిన అలుగు పండ్లను కోయుచుండగా క్రమముగా నీలిబూడిద వన్నెకు తిరుగును. తెలియనివాడు అది మరక యనుకొని రుద్దివేయును. తెలిసినవాడు దానిని ముట్టడు. ఏలయనగా ఆ పొర ఎఱ్ఱని తుప్పును కొంతవరకు అడ్డగించును. పని చేయుటవలన కలిగిన మరకయే అలుగునకు కవచమగును. మెఱయుచు పెట్టెలో ఊరక పడియున్న అలుగు సముద్రపుగాలికి సులభముగా లోబడును. చేతిలో తిరుగుచు ప్రతిదినము తుడువబడు అలుగు నిలుచును.

అయినను వాడుక మాత్రమే మంచిదని చెప్పరాదు. యిర్మీయా 36వ అధ్యాయములో ఒక చాకు బహుగా వాడబడెను. బారూకు వ్రాసిన గ్రంథము చదువబడుచుండగా యెహోయాకీము రాజు మూడు నాలుగు పుటలకొకసారి దానిని కోసి కుంపటిలో వేయించెను. హెబ్రీలో ఆ సాధనము పేరు "తఅర్ హస్సోఫేర్", అనగా లేఖకుని చాకు. వాక్యమును సిద్ధపరచుటకు చేయబడిన చాకే వాక్యమును నాశనము చేయుటకు వాడబడెను. కాబట్టి పనిముట్టుకు గౌరవము కేవలము వాడుకలో లేదు. దేనికొరకు చేయబడెనో దానికొరకు వాడబడుటలో నున్నది. కుంపటిలో కాలినది చుట్ట మాత్రమే. ప్రభువు మరియొక చుట్టను వ్రాయించెను. అందులో మరి అనేకమైన మాటలు చేర్చబడెను.

ఇక్కడ ఒకరు ఆక్షేపింపవచ్చును: "అన్నియు వాడబడి అరిగిపోయినయెడల రాబోవు తరమునకు ఏమి మిగులును? ఎవడో ఒకడు దాచినందుననే గదా మనము చూడగలుగుచున్నాము?" ఈ మాట న్యాయమైనది. యెహోషువ గ్రంథపు ప్రాచీన గ్రీకు అనువాదములో, హెబ్రీలో లేని యొక వాక్యము కలదు. గిల్గాలులో సున్నతి చేయుటకు వాడిన రాతికత్తులను యెహోషువతోకూడ సమాధిలో ఉంచిరని అది చెప్పుచున్నది. పని ముగించిన పనిముట్టును జ్ఞాపకార్థముగా ఉంచుట పూర్వులెరిగినదే. అయితే మోషే చేసిన యిత్తడి సర్పమును కూడ ఇశ్రాయేలీయులు దాచిరి, తుదకు దానికి ధూపము వేసిరి, హిజ్కియా దానిని ఛిన్నాభిన్నము చేయవలసి వచ్చెను. రెండును పూర్వుల వస్తువులే. ఒకటి జ్ఞాపకముగా నిలిచెను, రెండవది విగ్రహమాయెను. భేదము లోహములో లేదు, దాచినవారి హృదయములో నున్నది.

అట్లయితే తగిన దాచుట యెట్లుండును? పుదుచ్చేరికి దక్షిణమున తరంగంబాడిలో 1706లో దిగిన బర్తొలోమయుస్ త్సీగెన్‌బల్గ్ దీనికి ఉదాహరణము. ఆయన తమిళ తాటాకు గ్రంథములను సేకరించి, 1708లో వాటికి వివరమైన పట్టికను సిద్ధపరచెను. ఆయన వాటిని చదివెను. చదివి ఆ ప్రజల భాషను, తలంపులను నేర్చుకొనెను. ఆ భాషలోనికే క్రొత్త నిబంధనను తర్జుమా చేసెను. ఆయన సేకరణ ఆయన చేతులను మూయలేదు, తెరచెను. సేకరించువాడు తన్ను తాను అడుగవలసిన ప్రశ్న ఇదియే: ఈ వస్తువు నన్ను చేసినవానివైపునకు, వాడినవానివైపునకు, పొరుగువానివైపునకు త్రిప్పుచున్నదా? లేక నాయొద్ద నున్నదని నన్ను నావైపునకే త్రిప్పుచున్నదా? అడిగినవానికి చూపుట, చిన్నవారికి దాని చరిత్ర చెప్పుట, అవసరపడినపుడు అమ్మివేయగలుగుట, ఇవి స్వతంత్రుని గుర్తులు. దాచిన పెట్టె తాళపుచెవి పోయెనని నిద్రపట్టనివాడు చాకులను సేకరింపలేదు. చాకులే అతనిని సేకరించినవి.

ప్రియ చదువరీ, నీయొద్ద ఒక్క పాత చాకైనను లేకపోవచ్చును. అయినను సంతకొలత నీ యింటిలో ప్రవేశించియుండవచ్చును. అట్టకు గీతపడకుండ అద్దపు బీరువాలో నుంచిన బైబిలును, వ్రేళ్లు తగిలి అంచులు నల్లబడిన తల్లి బైబిలును ప్రక్కప్రక్కన పెట్టి చూడుము. ఏది విలువైనది? సంఘములో ఏండ్ల తరబడి పాటుపడి, నడుము వంగి, మాట తడబడు వృద్ధుడు ముందు వరుసలో కూర్చుండగా, క్రొత్తగా వచ్చిన మెఱుగువానికి మనము పీట వేయుచున్నామా? అరిగిన అలుగును తక్కువ వెలకు వేసినట్లు అరిగిన మనుష్యులను తక్కువగా ఎంచుచున్నామా?

చాకు చేసినవాడు దానిని పెట్టెకొరకు చేయలేదు. మనలను చేసినవాడును అట్లే. అరుగుదలకు భయపడి దాగుకొనినవాడు అరుగడు, ఉపయోగపడడు. తుప్పు మాత్రము అతనిని వెదకి పట్టుకొనును. ప్రభువు చేతిలో తెరువబడి, పనిచేసి, ప్రతిదినము ఆయన చేత తుడువబడి, మరల సానపట్టబడువాడు సన్నబడవచ్చును. ఆ సన్నబడుట నష్టము కాదు. అది ఎన్ని రొట్టెలు విరువబడెనో చెప్పు లెక్క.