నిద్ర ఎవరి బాధ్యత?

పంజగుట్టలో నిమ్స్ ఆసుపత్రికి ఎదురుగా టీ బంకు దగ్గర ఒక లారీ డ్రైవరు నా చేతికి ఒక చీటీ ఇచ్చి చదివిపెట్టమన్నాడు. సూర్యాపేట వైపు మనిషి. లారీని పటాన్‌చెరులో నిలిపి, నడుము నొప్పి చూపించుకోవడానికి బస్సూ మెట్రో పట్టుకుని వచ్చాడు. డాక్టరు ఇంగ్లీషులో రాసింది యిది: రోజుకు 8 గంటల నిద్ర, వేళకు భోజనం, మూత్రం బిగబట్టకపోవడం, రెండు గంటలకొకసారి దిగి నడవడం. విని నవ్వాడు. "గీ చీటీ నాకు గాదు సారూ, మా సేటుకు రాయాలె" అన్నాడు.

ఆ మాటను ఛలోక్తి కింద తీసివేయడానికి నాకు మనసొప్పలేదు. ఆరోగ్యాన్ని గురించి మనం చేసే హితబోధలో ఒక పచ్చి భావవాదం దాగివుంది. ప్రతి మనిషీ తన కాలానికి తానే యజమాని అన్నట్టు మాట్లాడతాం. ట్రిప్పు లెక్కన కూలి తీసుకునేవాడికి ఆగిన ప్రతి గంటా కూలిలో కోతే. అతడు అమ్ముకుంటున్నది నిద్రను. కొనేవాడు సేటు ఒక్కడే కాదు. తెల్లవారేసరికి అంగట్లో సరుకు వుండాలనుకునే మనమూ కొంటున్నాం.

చట్టం లేకపోలేదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్నది. 5 గంటల పనికి అరగంట విశ్రాంతి అన్నది. కాని అది ఐదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే మొదట వర్తించింది. దాన్ని తనలో కలుపుకున్న 2020 నాటి వృత్తి భద్రతా స్మృతిలో ఆ ఐదు పది అయింది. ఒకటి రెండు లారీల సేటు దగ్గర పనిచేసేవాడు సాధారణంగా రెండు గీతలకూ వెలుపలే. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మంచిదే. కాని చల్లగాలి నిద్రకు బదులు కాదు.

ఇక్కడితో ఆగి, తప్పంతా వ్యవస్థదేనని చేతులు దులుపుకునే మిత్రులున్నారు. నేను దులుపుకోలేను. 17 గంటలు మేలుకున్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు వున్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లో డాసన్, రీడ్ అనే పరిశోధకులు చూపారు. మన చట్టం పెట్టిన హద్దు 0.03. పోలీసు ఊదించే యంత్రం తాగినవాణ్ణి పడుతుంది, నిద్రలేనివాణ్ణి పట్టదు. అయినా ఆ సంగతి డ్రైవరుకు తెలుసు. ఎదురుగా స్కూటరు మీద వచ్చే మనిషి ఏ సేటుకూ బాకీ లేడు.

తుపానులో సరుకును సముద్రంలో పారేసే నావికుడి విషయం అరిస్టాటిల్ చర్చించాడు. ఆ పని ఇష్టపూర్వకమా, బలవంతమా? రెండూ కలిసినదే అన్నాడు. ఐనా ఆ క్షణంలో ఎంచుకున్నది నావికుడే గనుక ఇష్టం వైపే మొగ్గాడు. లారీలో యీ కథ తలకిందులు. సరుకు దక్కాలి, పారేయవలసింది ప్రాణం. సరుకు వదిలిన నావికుణ్ణి వివేకి అన్నారు. లారీని పక్కకు తీసి పడుకున్న డ్రైవరుకు బత్తాలో కోస్తారు. అతనికి మిగిలిన స్వేచ్ఛ ఆ పక్కకు తీయడమంత. అంతమేరకు అతడు జవాబుదారీయే. ఆ కాస్త స్వేచ్ఛకు అంత వెల కట్టినవాడు యింకా పెద్ద జవాబుదారీ, కాని క్రిమినల్ కేసులో సాధారణంగా ఎక్కేది డ్రైవరు పేరే.

రాత్రిని అమ్ముకోవడం మనకు తప్పుగా తోచదు. నేనుండే అమీర్‌పేట హాస్టళ్లలో కోచింగు కుర్రాళ్లు తెల్లవార్లూ చదివితే శ్రద్ధ అంటాం. తరగతిలో నేనూ మెచ్చుకున్నవాణ్ణే. వాళ్ల తల వాలితే పుస్తకం మీద వాలుతుంది.

ఇదంతా అతనితో అనలేదు. నిద్ర ఆగకపోతే ఏం చేస్తావని మాత్రం అడిగాను.

"మొకం కడుక్కుంట, జర్దా ఏస్కుంట." కోదాడ దగ్గర ఒకసారి రెప్పపడి డివైడరు ఎక్కించానన్నాడు. ఆ తరువాత ఒకరాత్రి నిజంగానే ఆపి పడుకున్నాడట. "పైసలు కోసిండు సారూ."

చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని మెట్రో మెట్లెక్కాడు. ఆ రాత్రి విజయవాడ లోడు వుంది.