చిట్టా లేని ఆవర్జా

మనిషి తన బతుకు గురించి తాను చెప్పుకునే మాటను ఎంతవరకు నమ్మాలి? ఎవరి బతుకు వారికి కాక ఇంకెవరికి తెలుస్తుంది అనిపిస్తుంది. కానీ ఇంట్లో ఒకరు కుంగుబాటుతో, అంటే డాక్టర్లు డిప్రెషన్ అనే జబ్బుతో మంచం పట్టినప్పుడు ఈ ప్రశ్న నిజంగానే ఎదురవుతుంది.

మా హోసూరులో నాతో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు. ముప్ఫై ఏళ్ళకు పైగా క్యాషు కౌంటర్లో కూర్చున్న మనిషి. కొన్నేళ్ళ క్రితం ఆయనకు ఈ జబ్బు చేసింది. చూడడానికి వెళ్తే, "ఏం బతికినానప్పా నేను? ఒక్కరికి పనికొచ్చింది లేదు. మంచి దినమంటూ ఒకటి లేదు" అన్నారు. పక్కనే ఉన్న కూతురు, "అట్లనకు నాయనా, అందరమూ బాగానే ఉంటిమి కదా" అంది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆయన అబద్ధం ఆడలేదు. కూతురూ ఆడలేదు. మరి ఎవరి మాట నిజం?

ఈ సందేహం తీరక, కామర్సు చదివినవాడినైనా, దీని గురించి దొరికినంత చదివాను. 1982లో డేవిడ్ క్లార్క్, జాన్ టీస్‌డేల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక పరిశీలన ప్రచురించారు. ఈ జబ్బులో కొందరికి రోజులో ఒక పూట దిగులు ఎక్కువగా, మరో పూట తక్కువగా ఉంటుంది. అలాంటివారిని రెండు పూటలా కూర్చోబెట్టి, కొన్ని మాటలిచ్చి, గతంలోంచి ఏది గుర్తొస్తే అది చెప్పమన్నారు. దిగులు ఎక్కువైన పూట సంతోషపు జ్ఞాపకాలు తక్కువగా వచ్చాయి. తగ్గిన పూట అవే ఎక్కువగా వచ్చాయి. మనిషి ఒకరే, గడిచిన బతుకూ ఒకటే. పూట మారితే సాక్ష్యం మారింది.

1986లో మార్క్ విలియమ్స్, బ్రాడ్‌బెంట్ అనేవారు ఇంకో సంగతి కనిపెట్టారు. ప్రాణం తీసుకోబోయి బతికినవారిని, ఒక్కో మాట ఇచ్చి, దానికి సంబంధించి ఫలానా రోజు జరిగిన ఒక సంఘటన చెప్పమన్నారు. వారిలో చాలామంది రోజును చెప్పలేకపోయారు. మొత్తం మీద ఎలా ఉండేదో మాత్రం చెప్పారు. మంచి మాటల దగ్గర ఈ ఇబ్బంది మరీ ఎక్కువగా కనిపించింది.

ఇది చదివినప్పుడు నాకు మా బ్యాంకు పాత పుస్తకాలు గుర్తొచ్చాయి. ఏ రోజు లావాదేవీ ఆ రోజు రాసేది చిట్టా. ఖాతాలవారీగా తేల్చేది ఆవర్జా. నిల్వ మీద అనుమానం వస్తే వెనక్కి వెళ్ళి చిట్టా చూస్తాం, వోచర్లు తీస్తాం. ఈ జబ్బులో ఆవర్జా మాత్రమే చేతిలో మిగులుతుంది. అందులో ఒకే అంకె కనిపిస్తుంది: నష్టం. సరిచూసుకుందామంటే చిట్టా తెరుచుకోదు.

దీని వెనక శరీరం చేసే పని కొంత తెలిసింది. మెదడు లోపల హిప్పోకాంపస్ అనే భాగం ఉంది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో అన్న వివరాలను ఒకచోట కట్టి నిలపడంలో దానిది ముఖ్యమైన పాత్ర. ఒత్తిడి కలిగినప్పుడు మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసోల్ అనే రసాయనాన్ని రక్తంలోకి వదులుతాయి. హిప్పోకాంపస్ కణాలకు ఆ రసాయనం బాగా తగులుతుంది. కొద్దిసేపైతే ఫరవాలేదు. నెలల తరబడి ఎక్కువగా ఉంటే ఆ భాగం పని దెబ్బతింటుంది. తీవ్రమైన డిప్రెషన్‌లో అందరికీ కాకపోయినా చాలామందికి కార్టిసోల్ ఎక్కువగా ఉంటుంది. అలాగని ఒక్క రసాయనం మీద నేరమంతా మోపడం కుదరదు. సెరొటోనిన్ తగ్గడమే డిప్రెషన్ అని చాలాకాలం చెప్పుకున్నారు. 2022లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష ఆ మాటకు నిలకడైన ఆధారం లేదని తేల్చింది. మందు కొందరికి పనిచేయడం వేరు, ఒక రసాయనం కొరతే జబ్బు అనడం వేరు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. అంతా రసాయనమే అనుకుంటే, "ఆయన మాటలు పట్టించుకోకండి, జబ్బు మాట్లాడుతోంది" అని తోసిపుచ్చే వీలు మనకు దొరుకుతుంది. అది అన్యాయం. ఆయన చెప్పే దుఃఖాల్లో నిజంగా జరిగినవీ ఉంటాయి. పైగా ఆరోగ్యంగా ఉన్నవాడి జ్ఞాపకం మాత్రం ఫొటో కాదు. గుర్తు చేసుకోవడమంటే ప్రతిసారీ కొత్తగా కట్టుకోవడమేనని ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే రాశాడు. మనం కట్టుకునేటప్పుడు మనకు అనుకూలమైన రాళ్ళే ఏరుకుంటాం. ఏ పద్దు పైకి తేవాలో, ఏది అడుగున ఉంచాలో రసాయనం కొంత నిర్ణయించవచ్చు. కానీ జరిగినదాన్ని జరగలేదని కొట్టివేసే శక్తి దానికి లేదు.

కాబట్టి నాకు తోచింది ఇది. జబ్బుమనిషి వేసే మొత్తంతో మనం మన మొత్తం వేసి వాదించకూడదు. "అందరమూ బాగానే ఉంటిమి" అన్నది కూడా ఆవర్జా మాటే. ఆయనకు కావలసింది వోచరు. మరోసారి వెళ్ళినప్పుడు నేను ఒక్క సంగతి చెప్పాను. చూపు ఆనని ఒక ముసలామె పెన్షను కోసం వస్తే, ఈయన కౌంటరు దిగివచ్చి, ఒక్కొక్క నోటు ఆమె చేతిలో పెట్టి లెక్క చెప్పేవారు. ఒక సంక్రాంతి ముందు రోజు క్యూలో జనం కేకలు వేస్తున్నా ఆ లెక్క ఆపలేదు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చెంగులో ముడేసుకొని, మళ్ళా విప్పి లెక్కబెట్టించింది" అన్నారు. ఆ ముక్క నాకు తెలియదు. అది ఆయన చిట్టాలోంచి వచ్చింది. దానితో జబ్బు నయమైందని చెప్పను. నయం కావడానికి డాక్టరూ, మందులూ, నెలల కాలమూ పట్టాయి.

రాష్ట్రం బయట ఉన్న మనకు ఇందులో ఇంకో బాధ్యత ఉంది. 2000లో వియోరికా మరియన్, ఉల్రిక్ నైసర్ అనేవారు అమెరికాలో స్థిరపడిన రష్యన్ మాతృభాషీయులను పరిశీలించారు. రష్యన్‌లో అడిగితే రష్యన్ మాట్లాడిన కాలపు జ్ఞాపకాలు, ఇంగ్లీషులో అడిగితే ఇంగ్లీషు కాలపువి ఎక్కువగా వచ్చాయి. మన పెద్దలను డాక్టరు తమిళంలోనో, కన్నడంలోనో, మరాఠీలోనో, ఒడియాలోనో అడుగుతాడు. ఆయన తప్పు కాదు. కానీ వారి బాల్యపు చిట్టా తెలుగులో రాసి ఉంది. దాన్ని తెలుగులో అడగవలసినవాళ్ళం మనమే. మన పిల్లలకు తెలుగు వచ్చి ఉండాలనడానికి నాకు ఇంతకంటే బలమైన కారణం కనబడదు.

ఒక మనిషి తన మంచి రోజులను తాను చేరుకోలేని కాలం వస్తుంది. అవి పోలేదు. చూసినవాళ్ళ దగ్గర కొన్ని ఉన్నాయి. తేదీతో, పేరుతో, చీర చెంగుతో సహా వాటిని దాచిపెట్టి, అవసరమైన రోజున తీసి ఇవ్వడం పక్కవాళ్ళు చెల్లించవలసిన బాకీ అనుకుంటాను.