అరచేతిలో టెంకాయ

మా కోలారు జిల్లా గౌనిపల్లి పక్క బోరు వేయించాలంటే ముందు టెంకాయ కావాలి. 2019 ఎండాకాలంలో, మూడు బోర్లు ఎండిపోయాక, మా నాయన నాలుగోదానికి సిద్ధపడ్డాడు. మొదట మెషిను పట్టుకుని ఒక చదువుకున్నాయన వచ్చాడు. చేనంతా తిరిగి, కాయితం మీద గీతలు గీసి, "పడొచ్చు, పడకపోవచ్చు. చెరువు నిండందే గట్టిగా చెప్పలేను" అన్నాడు. నాయన ఆయనకు కాఫీ ఇచ్చి పంపేశాడు.

మర్నాడు నీళ్లు చూసే ఆయన వచ్చాడు. అరచేతిలో టెంకాయను అడ్డంగా పడుకోబెట్టుకుని గట్టు వెంట మెల్లగా నడిచాడు. వేపచెట్టు దాటాక టెంకాయ లేచి నిలబడింది. "ఈడే సామీ. తొమ్మిది నూర్ల అడుగులకి మూడంగుళాల నీళ్లుండాయి" అన్నాడు. నాయన ముఖంలో అంత వెలుగు నేను చాలా ఏళ్లుగా చూడలేదు.

రాత్రంతా బోరు బండి మోగింది. తొమ్మిది నూర్లు దాటాయి, వెయ్యి దాటింది, పన్నెండు నూర్లకు ఆపేశారు. తెల్లటి రాతిపొడి తప్ప తడి లేదు. వేపాకు మీద, మా తలల మీద, అమ్మ ఆరేసిన చీర మీద అదే పొడి. మధ్యాహ్నం టెంకాయ ఆయన వచ్చాడు, ఏమాత్రం తొణకలేదు. "నేను చూసినప్పుడు నీళ్లుండె సామీ. పడమటి చేనాయన లోతుకి కొట్టించినాడు కదా, ఆయప్ప లాగేసుకున్నాడు" అన్నాడు.

నాయనకు ఆయన మీద కోపం రాలేదు. పడమటి చేనాయనతో మాత్రం ఆరోజు నుంచి మాటలు మానేశాడు.

చరిత్ర పుస్తకాల్లో జర్మనీ దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు ఆ టెంకాయే గుర్తొస్తుంది. 1928 మే ఎన్నికల్లో హిట్లర్ పార్టీకి నూటికి మూడు ఓట్లు కూడా రాలేదు. 1930లో పద్దెనిమిది దాటాయి, 1932 జులైలో ముప్పై ఏడు దాటాయి. ఆ నాలుగేళ్లలో ఆయన కొత్తగా చెప్పింది పెద్దగా లేదు. వినేవాళ్ల బతుకులే తారుమారయ్యాయి. 1929లో అమెరికా మార్కెట్ కూలింది, అక్కడి అప్పుల మీద నిలబడిన జర్మనీ దానితోపాటు కూలింది. 1932 వచ్చేసరికి పని లేనివాళ్లు అరవై లక్షలు. ప్రధాని బ్రూనింగ్ జీతాలు కోసి, సాయం తగ్గించి, ఓర్చుకోమన్నాడు. మెషిను ఆయన మాటలాగే ఉంటుంది అలాంటి సలహా. ఎండిన చేలో నిలబడ్డవాడికి అది ఎక్కదు. వాడికి కావలసింది "ఈడే సామీ" అనే గొంతు.

ఆ గొంతు ఎప్పుడూ రెండు సరుకులు అమ్ముతుంది. ఒకటి తొమ్మిది నూర్ల అడుగుల ధీమా, రెండోది పడమటి చేనాయన. మా ఊళ్లో ఆ రెండోదాంట్లో పిసరంత నిజముంది, లోతు బోరు పక్క బోరు నీళ్లను లాగగలదు. జర్మనీలో యూదుల మీద వేసిన నింద పచ్చి అబద్ధం. అయినా నమ్మినవాళ్లకు దొరికిన ఊరట మాత్రం ఒకటే. కష్టానికి ఒక ముఖం దొరికింది, తమ తప్పేమీ లేదని తేలిపోయింది.

ఇక్కడ నన్ను ఆపే విషయం ఒకటుంది. పని పోయిన కార్మికులు ఎక్కువగా కమ్యూనిస్టుల వైపు వెళ్లారు. నాజీలకు గట్టిగా ఓట్లేసినవాళ్లలో చిన్న దుకాణదారులు, పల్లెటూరి రైతులు ఎక్కువ. పందుల ధర, పశువుల ధర పడిపోయి, అప్పుల కింద పొలాలు వేలానికి వచ్చిన ష్లెస్విగ్-హోల్‌స్టైన్‌లో 1932 జులైలో నూటికి యాభై ఒక్క ఓట్లు వాళ్లకే పడ్డాయి. కడుపు కాలినవాడి కంటే, రేపు కాలుతుందేమోనని భయంతో ఒంటరిగా మేలుకున్నవాడే తొందరగా చిక్కాడు.

అదే మాంద్యం మన దగ్గరికీ వచ్చింది. పంటల ధరలు పడిపోయి దేశమంతటా రైతులు ఇంట్లో నగలు అమ్ముకున్నారు. ఆ బంగారం ఓడలెక్కి లండన్ పోయింది. అయినా తెలుగు రైతు చేసిన పని వేరు. ఎన్.జి. రంగా వంటివాళ్లు కట్టిన రైతు సంఘాల జెండా కింద ఇచ్ఛాపురం నుంచి పదిహేను వందల మైళ్లు నడిచి, ఊరూరా సభలు పెట్టి, అర్జీలు పోగుచేసుకుని 1938 మార్చిలో మద్రాసు చేరారు. ఆ మూటల్లో ఉన్నవి తమ కష్టాల లెక్కలు. ఏదో ఒక జాతిని తరిమేయమని కాదు వాళ్లు నడిచింది.

మా జిల్లా బంగారు గనుల్లోనూ అంతే. 1930లో కంపెనీ వేలిముద్రలు తీసుకుంటానంటే కూలీలు పనులాపి బయటికొచ్చారు. 1946 నవంబరు 4న పోలీసు కాల్పుల్లో ఆరుగురు చనిపోయారు. కష్టం అక్కడా తక్కువేం కాదు, కానీ కూలీలుండే లైన్ల ఇళ్లలో గోడ పక్క గోడ. ఎవరైనా ధీమాగా ఒక మాట చెబితే, సాయంత్రానికి "అదెట్లా?" అని అడిగేవాడు పక్కనే ఉండేవాడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఇప్పుడు తెల్లారకముందే జనం బెంగళూరు రైలెక్కుతారు. పెట్టె నిండా మనుషులే, ఎవరి ఫోను వాళ్లది.

మా పల్లెల్లో మనుషుల్ని ఇలా విడదీసే పని బోరు చేసింది. చెరువు కింద సేద్యమున్న రోజుల్లో నీళ్ల వంతుల కోసం గట్టు మీద కొట్లాడుకోవడానికైనా అందరూ చేరాల్సిందే. అదేం స్వర్గం కాదు. చాలా ఊళ్లలో తూము తెరిచే నీరుగంటికి గట్టు మీద కూర్చునేవాళ్లలో చోటు లేదు. కలిసి కూర్చుంటే చాలు విషం ఎక్కదనీ అనలేను, జర్మనీ ఊళ్లలో పాటల సంఘాలూ, ఆటల సంఘాలూ ఉన్నాయి, నాజీలు వాటిలోంచి కూడా మనుషుల్ని పోగుచేసుకున్నారు. కానీ చెరువులో ఎంత నీరుందో గట్టు మీద నిలబడ్డ అందరికీ కనిపించేది. పన్నెండు నూర్ల అడుగుల లోతున ఏముందో ఎవరికీ కనపడదు. కనపడనిచోట ఎవరు గట్టిగా చెబితే అదే నిజం.

2021 నవంబరులో కోలారు సీమ తడిసి ముద్దయింది. మా చెరువు మొరవ పారుతుంటే ఊరంతా చూడబోయింది. నాయన పక్కకు పడమటి చేనాయన వచ్చి నిలబడ్డాడు. చాలాసేపు ఇద్దరూ నీళ్లనే చూశారు. చివరికి నాయనే అడిగాడు: "ఏమప్పా, నీ బోరు ఎట్లుండాది?"

"యాడుండాది అన్నా! మీ బోరు కొట్టేదానికి నెల ముందే అది ఎండిపాయె. నువ్వు అడగనే లేదే."