ఘటోత్కచుని ఋణము

క్రొత్త లోకమును కల్పింపబూనిన కథకుడు కొండలను, నదులను సృజించి ఊరకుండలేడు. అందు మాటలాడువారు, ఆలోచించువారు ఉండవలెను. మన పూర్వులు యక్ష గంధర్వ కిన్నర నాగ రాక్షసజాతులను ఊహించిరి. పదునొకండవ శతాబ్దమున సోమదేవుడు కథాసరిత్సాగరమున విద్యాధరుల సామ్రాజ్యమునే వర్ణించెను. ఆ జాతులు ఉన్నవా లేవా యను వాదము ఇచ్చట అప్రస్తుతము. ఊహలోనైనను ఒక ప్రాణికి బుద్ధిని, భాషను ఒసగిన పిమ్మట, దానియెడల మనకు ధర్మమనునది యుండునా? విచారింపదగిన ప్రశ్న ఇదియే.

భారతమున దీనికి రెండు ఉత్తరములు కానవచ్చును. అరణ్యపర్వమున కొలనికడ యక్షుని కంఠము వినవచ్చినప్పుడు, నలువురు తమ్ములు దానిని లక్ష్యపెట్టక నీరు త్రాగి కూలిరి. ధర్మరాజు మాత్రము ఆగి, అడిగినదానికెల్ల సమాధానము చెప్పెను. ఎదుటివాడు ఎవ్వడో సరిగా ఎరుగకయే, అతనికి తాను ప్రత్యుత్తరము బాకీయున్నట్లు తలచుటలోనే ఆయన ధర్మము కలదు.

రెండవది ఘటోత్కచుని కథ. హిడింబకు భీమునివలన జన్మించిన ఆతడు తలచినంతనే వచ్చెను. గంధమాదనయాత్రలో అలసిన ద్రౌపదిని మోసెను. ఆతని అనుచరులు పాండవులను, వెంటనున్న బ్రాహ్మణులను మోసిరి. తుదకు కురుక్షేత్రమున కర్ణుని శక్తిచే హతుడయ్యెను. పాండవులు కన్నీరు కార్చుచుండగా శ్రీకృష్ణుడు హర్షించెనని ద్రోణపర్వము చెప్పుచున్నది. అర్జునునికై దాచిన శక్తి వ్యయమైనదనుట ఒక హేతువు. ఘటోత్కచుడు యజ్ఞద్వేషి, బ్రాహ్మణద్వేషి గనుక ఎప్పటికైనను వధ్యుడే యనుట మరియొక హేతువు.

మొదటిది యుద్ధనీతి, దానిని అర్థము చేసికొనవచ్చును. రెండవదానికడ మనస్సు నిలిచిపోవును. బ్రాహ్మణులను తనవారి భుజములపై మోయించినవాడు బ్రాహ్మణద్వేషి యెట్లయ్యెను? ఇచ్చట సాక్ష్యము పలికినది ఆతని నడత కాదు, ఆతని జాతి. రాక్షసుల స్వభావమే అట్టిది గదా యని కొందరందురు. కాని బుద్ధి కలవాడనగా రెండు మార్గములలో ఒకదానిని ఎన్నుకొనగలవాడు. ఆ శక్తి లేనిచో ఆతనికి పాపమే లేదు. ఉన్నచో పుట్టుకను బట్టి ఆతనిని దండించుట న్యాయము కాదు. 1954, 1955 సంవత్సరములలో తన ప్రఖ్యాతకథను ప్రకటించిన ఆంగ్లరచయిత టోల్కీన్ సైతము, తాను కల్పించిన ఓర్కుజాతి పుట్టుకతోనే ఉద్ధరణకు దూరమా యను సందేహముతో తన లేఖలలో పెనగులాడెను.

తెలుగువారు ఈ ఋణమును కొంత తీర్చుకొనిరి. వ్యాసభారతమున లేని శశిరేఖాపరిణయకథను ఆదరించి, 1957లో మాయాబజారు చిత్రమున ఎస్.వి. రంగారావు రూపమున ఘటోత్కచుని తమ యింటివానిగా చేసికొనిరి. చావునకు పనికివచ్చినవాడు పెండ్లికి పెద్దయయ్యెను.

ఇది కథల ముచ్చట మాత్రమే కాదు. మనలనుగూడ ఇతరులు వేరొక జాతిగా ఊహించిన దినములు కలవు. ఒకప్పుడు మనవారు గోపాల్‌పూరు రేవున ఓడలెక్కి పొట్టకూటికై రంగూనుకు పోయిరి. అచ్చటివారు తెలుగువారిని కోరంగి రేవు పేరిట కోరంగీలనిరి. క్రమముగా ఆ పేరు హేళనయైనది. 1930 మే నెలలో రంగూనున తెలుగు రేవుకూలీలపై దాడులు జరిగినప్పుడు, ఎవని నడత యెట్టిదని అడిగినవారు లేరు. ఆ పేరే చాలినది.

ఆ బాధ నెరిగిన మనము ఇంటికడ ఏమి చేయుచున్నాము? గోపాల్‌పూరు తీరమున తెలుగు మాటలాడు నోలియాలు నేటికిని కలరు. చేపలవేటయే గాక, స్నానమునకు దిగినవారిని కెరటములనుండి కాపాడుటయు వారి పని. చేయి పట్టి ఒడ్డు చేర్చువరకు వారు మనకు దేవతలు. ఒడ్డెక్కిన పిదప వారి పేరైనను అడుగము. 1936లో గంజాము జిల్లా ఒరిస్సాలో చేరినది మొదలు, మన భాష నిలుచునా యని బరంపురమున సభలలో చింతించు మనము, ఆ భాషనే అలలపై నిలుపుకొన్న వారిని వేరొక జాతిగనే చూచుచున్నాము. ఆపదలో తలచుట, ఆపద తీరినపిదప మరచుట. ఘటోత్కచునికి జరిగినది ఇదియే గదా!

కల్పితలోకముల జాతులు మనకు పెట్టు పరీక్ష కఠినమైనది కాదు. కొలనికడ ధర్మరాజువలె ఒకింత ఆగవలెను. ఎదుటి కంఠమునకు బదులు చెప్పవలెను. ఈ మారు గోపాల్‌పూరు పోయినప్పుడు, నీటిలో దిగుటకు ముందే ఆ నోలియా పేరు అడుగుదము.