మందులో శక్తి ఎక్కడుంది?

నిప్పుకు కాల్చే శక్తి అంటూ వేరే ఉందా? భారతీయ తత్త్వశాస్త్రంలో మీమాంసకులకూ నైయాయికులకూ మధ్య ఇది చాలా పాత వాదం. ఫలానా మణి దగ్గరుంటే నిప్పు కాల్చదని, తీసేస్తే మళ్లీ కాలుస్తుందని ఇరుపక్షాలూ తీసుకున్న ఉదాహరణ. నిప్పు మారకపోయినా ఫలితం మారింది గనుక, కంటికి కనబడని శక్తి ఒకటి నిప్పులో ఉండి మణి వల్ల అణగిందని మీమాంసకులు అన్నారు. ఆటంకం లేకపోవడం కూడా కారణ సామగ్రిలో, అంటే ఫలితాన్నిచ్చే కారణాల మొత్తంలో, భాగమే, శక్తి అనే మరో పదార్థం ఎందుకని నైయాయికులు అడిగారు. నైయాయికుల పక్షమే సరైనదని నా అభిప్రాయం. మణి కన్నా గట్టి సాక్ష్యం ఇప్పుడు మన చేతిలో ఉంది. మూత్రపిండం మార్పిడి అయినవారి శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరించకుండా వాడే రాపమైసిన్ ఆ సాక్ష్యం.

రాపా నుయీ అని అక్కడివారు పిలుచుకునే ఈస్టర్ దీవి మట్టిలోని ఒక బ్యాక్టీరియా దీన్ని తయారుచేస్తుంది. కణంలోకి చేరాక ఇది ముందు ఎఫ్‌కేబీపీ12 అనే చిన్న ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. ఆ జంట కలిసి ఎంటార్ అనే పెద్ద ప్రొటీన్‌ను అంటుకుంటుంది. పోషకాలు అందాయి, ఇక పెరగవచ్చని కణానికి సంకేతమిచ్చేది ఎంటార్. అది మందగిస్తే, కొత్త అవయవం మీద దాడిచేసే టీ కణాలు తమ సంఖ్య పెంచుకోలేవు. మందు లేనిదే ఈ రెండు ప్రొటీన్లూ ఒకదాన్నొకటి పట్టుకోవు. మందు అణువు రెండింటి గుంటల్లోనూ ఒకేసారి ఇమిడి ఉండటం 1996లో వెలువడిన స్ఫటిక నిర్మాణంలో స్పష్టంగా కనిపించింది. అంతకన్నా లోతైన సంగతి 1991లో ఈస్ట్ మీద చేసిన ప్రయోగాల్లో బయటపడింది. ఎఫ్‌కేబీపీ12 జన్యువు తీసేసిన ఈస్ట్ బతికింది, రాపమైసిన్ దాన్ని ఏమీ చేయలేకపోయింది. మందూ ఉంది, ఈస్ట్‌లో ఎంటార్‌కు సాటి అయిన టార్ ప్రొటీనూ ఉంది, ఫలితం మాత్రం లేదు.

మీమాంసకుడు ఊరుకోడు. శక్తి మందులోనే ఉంది, ఎఫ్‌కేబీపీ12 దాన్ని వెలికితీసే సహకారి మాత్రమే అంటాడు. ఈ మాటకు ఆధారమూ ఉంది: రాపమైసిన్ ఒంటరిగా కూడా ఎంటార్‌ను కొద్దిగా పట్టుకుంటుందని 2005లో కొలిచారు. కానీ ఎఫ్‌కేబీపీ12తో కలిసినప్పుడు ఆ పట్టు దాదాపు రెండు వేల రెట్లు బిగుస్తుంది. కణంలో మందు ఉండే స్వల్ప మోతాదుకు ఆ ఒంటరి పట్టు చాలదని ఈస్టే చెప్పింది. పైగా యజమాని ఎవరో, సహకారి ఎవరో తేల్చేదెలా? శక్తి ఎఫ్‌కేబీపీ12దే, మందే దానికి సహకారి అనీ వాదించవచ్చు. అయితే అదే ప్రొటీన్ టాక్రోలిమస్ అనే మరో మందుతో జతకట్టినప్పుడు ఎంటార్ జోలికి పోదు, కాల్సిన్యూరిన్ అనే వేరే ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. ఇద్దరికీ సమానంగా చెల్లే యాజమాన్యం నిజానికి ఎవరిదీ కాదు.

అలాగైతే దేనికీ స్వభావమే లేదని బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడి వెంట శూన్యం దాకా నడవాలా? నేను అంత దూరం పోను. ఎఫ్‌కేబీపీ12ను పట్టే భాగం ఈ రెండు మందుల్లోనూ పోలి ఉంటుంది, మిగతా భాగం వేరు. అందుకే వాటి దారులు విడిపోతాయి. ఆకారం మందు సొంతం, ఫలితం సామగ్రిది. మన కోసమే దేవుడు ఆ మట్టిలో శక్తి దాచాడని నమ్మేవారికీ నేను చెప్పేది ఇదే. మట్టిలో దొరికింది సామగ్రిలో ఒక వంతు. తక్కిన రెండు వంతులూ, ఈస్టుకూ మనిషికీ ఉమ్మడి పూర్వజీవి ఉన్న కాలం నుంచి, వంద కోట్ల ఏళ్లకు పైగా పెద్దగా మారకుండా మన కణాల్లోకే వచ్చి ఉన్నాయి.